నూటయాభై మాటలు

దరఖాస్తులో ఏడో ప్రశ్నకు జవాబు నూటయాభై మాటలు దాటకూడదు. టెమ్వ రాసినవి నూటతొంభై రెండు. తెర అడుగున ఆ అంకె ఎర్రగా వెలుగుతోంది.

పక్కనున్న మొక్కజొన్న మరలో ఎవరిదో పిండి పడుతోంది. ఆ చప్పుడుకి బల్ల మీది గ్లాసు సన్నగా వణుకుతోంది. మక్వింజ ఆమె కుర్చీ వెనక నిలబడి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని తెర మీదికి వంగాడు. ఊళ్లలో బోరింగులు చూసుకునే ఈ చిన్న సంస్థకు ఆయన డైరెక్టరు. ఉన్న ఒక్క పాత జీపుకు డ్రైవరూ ఆయనే.

"ఇది తీసెయ్యమ్మా," అన్నాడు, ఒక పేరా మీద వేలు పెట్టి.

ఆ పేరాలో ఉన్నది డోరిక. ఫలోంబె మైదానంలో నలభై ఒక్క బోరింగులను పదకొండేళ్లుగా ఆమె ఒక్కతే బాగుచేస్తోందనీ, సైకిలు మీద పానా, తాడు, రేకుడబ్బా పెట్టుకుని కబురు వచ్చిన ఊరికి కబురు వచ్చిన రోజే వెళుతుందనీ రాసి ఉంది. సరిగ్గా నలభై రెండు మాటలు. తీయమని కొలిచి రాసినట్టుగా ఉన్నాయి.

"అది తీస్తే డోరిక పిన్ని ఇందులో ఇంకెక్కడా ఉండదు సార్."

"ఉండకపోతే ఏం? ఊళ్లో ఉంటుందిగా. మరమ్మతులకి సాయం చెయ్యండని రెండు ట్రస్టుల్ని అడిగాం. ఏమన్నారు? 'నిర్వహణ బాధ్యత గ్రామస్థులదే' అన్నారు. రెండు ఉత్తరాల్లోనూ అదే ముక్క. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నట్టున్నారు." మక్వింజ కళ్లజోడు దించుకున్నాడు. "అందుకే ఈసారి కొత్త బోర్లు అడుగుతున్నాం. కొత్త బోరు తవ్వామనుకో, దాని ముందు నిలబడి ఫొటో దిగొచ్చు. వాషరు ముందు నిలబడి ఎవరు దిగుతారు చెప్పు?"

టెమ్వ నవ్వలేదు. ఆయన కూడా నవ్వించడానికి అనలేదు. పాత ట్రస్టు ఇచ్చిన మూడేళ్ల సాయం జూన్‌తో ముగిసింది. ఈ కొత్త ట్రస్టు మొదటి వడపోతలో వీళ్లను దాటనిచ్చింది. పూర్తి దరఖాస్తు ఈ సాయంత్రానికి చేరాలి. ఎల్లుండి గురువారం ట్రస్టు తరఫున ఒకామె వచ్చి ఊరు చూస్తుంది. వచ్చే మంగళవారం సముద్రాల అవతల బోర్డు కూర్చుంటుంది. వాళ్లు కాదంటే డిసెంబరులో ఈ గదికి తాళం పడుతుంది. నలభై ఒక్క బోరింగులకు ఆపైన ఎవరూ ఉండరు.

ఆమె పేరాను మొదటినుంచి చివరిదాకా ఎంచుకుని, చెరిపే మీట నొక్కింది. అంకె నూటయాభైకి దిగింది. ఎరుపు పోయి పచ్చబడింది. సరిగ్గా చేశావని మెచ్చుకున్నట్టుగా.

తొమ్మిదో ప్రశ్న: 'లబ్ధి పొందబోయే ఒకరి జీవితాన్ని వివరించండి.' దానికి నమసికో గ్రామంలో నీటి కమిటీ పెద్ద ఎస్నార్ట్ అవ్వ గురించి రాసి ఉంది. ఆమె రోజూ తెల్లవారక ముందే బిందె నెత్తిన పెట్టుకుని ఏటికి నడుస్తుందనీ, ఆ బురదనీళ్లే ఇల్లంతా తాగుతారనీ. అది ఇరవై ఏళ్ల కిందటి నిజం. టెమ్వ దాన్ని నిన్నటి సంగతిలా రాసింది. మక్వింజ ఈ జవాబు రెండుసార్లు చదివాడు. తరవాత, "బాగుంది," అన్నాడు. బాగుండడమే ఆమెకు బాధగా ఉంది.

అవసరం అంటే లేమి ఒక్కటేనా? ఉన్నది ఉన్నట్టుగా నిలబడడానికి కూడా రోజూ ఎవరిదో చెయ్యి కావాలి. కానీ ఆ చెయ్యి కనపడదు. పాడైన పంపుకు కథ ఉంటుంది, తవ్విన బోరుకు పండగ ఉంటుంది. పాడవకుండా ఉన్న పంపుకు చెప్పుకోవడానికేమీ ఉండదు. మంచిపని ఎంత బాగా జరిగితే అంతగా మాయమైపోతుంది. ఈ మాట ఏ ప్రశ్న కింద రాయాలో ఆమెకు తెలియలేదు. దరఖాస్తులో పద్నాలుగు ప్రశ్నలున్నాయి.

దరఖాస్తు వెళ్లిన అరగంటకు డోరిక వచ్చింది. సైకిలు గోడకు ఆనించి, గడపలోనే నిలబడి, చెప్పులకు అంటిన మట్టి దులుపుకుంది. యాభై దాటిన మనిషి. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడో రాడ్డు కింద నలిగి మళ్లీ రాలేదు.

"రింగులు వచ్చాయా?"

"ఇంకా లేదు పిన్నీ."

డోరిక రేకుడబ్బా మూత తీసి చూపించింది. అడుగున గుడ్డముక్కలో చుట్టి, రబ్బరు రింగు ఒకటి, చిన్న వాల్వు ఒకటి. "ఇదే ఆఖరు జత. మిగతా చోట్ల ట్యూబు కోసి నెట్టుకొస్తున్నా. నమసికోలో కింది వాల్వు కారుతోంది. పొద్దున్నే పది పన్నెండు సార్లు కొడితేగానీ నీళ్లు పడట్లేదు. అయినా వెయ్యలేదు. అంతకన్నా చెడ్డది ఎక్కడైనా వస్తుందేమోనని దాచా." మూత బిగించింది. "కాగితం పంపేశారా?"

"ఇందాకే."

"నా పేరు రాశావా అందులో?"

టెమ్వ గ్లాసు వైపు చూసింది. మర ఆగిపోయింది కాబట్టి అది వణకడం లేదు.

"రాశాను పిన్నీ."

అది అబద్ధం కాదు. ఉదయం రాసింది.

"మంచిది," అంది డోరిక. "పేరు కోసం కాదులే. పేరుంటే రింగులు నా చేతికే ఇస్తారు కదా అని."

*

గురువారం పొద్దున బస్సు దిగిన ముటింటాను మక్వింజ జీపులో నమసికోకు తీసుకొచ్చాడు. టెమ్వ వెనక సీట్లో కూర్చుంది. ముటింటా పక్క దేశంలో, ట్రస్టు వాళ్ల లుసాకా ఆఫీసులో పనిచేస్తుంది, నలభై ఏళ్లుంటాయి, ఒళ్లో టెమ్వ రాసిన దరఖాస్తు, అంచుల వెంట పెన్సిలు గీతలతో.

ఊరంతా కొత్త గుడ్డల్లో ఉంది. అతిథి వస్తుంటే పాత బట్టలతో ఎదురు వెళ్లడం ఇక్కడ తిట్టినంత పని. ఆడవాళ్లు పాడుతూ జీపుకి రెండు పక్కలా నడిచారు. ముటింటా దిగగానే పాట కాస్త తడబడింది.

"అయ్యో, తెల్లావిడ వస్తుందన్నారుగా," అంది వెనక ఒకామె. "ఈవిడ మన పిల్లేనే."

"మన పిల్ల కాదు, లుసాకా పిల్ల. నోరు తెరిస్తే చూడు, మాటలు ఎట్లా విరుస్తుందో."

"విరిచినా అతుక్కుంటాయిలే అక్కా," అంది ముటింటా వాళ్ల భాషలోనే. నవ్వులు లేచాయి. పాట మళ్లీ గట్టిగా అందుకుంది.

బోరింగు చుట్టూ నేల చీపురు గీతలతో మెరుస్తోంది. గట్టుకు కొత్తగా ఎర్రమట్టి పూశారు. పిడికి కాగితపు పూలు చుట్టారు. దాని నుంచి స్తంభానికి గొలుసు, గొలుసుకు తాళం. ఎస్నార్ట్ అవ్వ మెడలోని తాడు నుంచి తాళంచెవి తీసి, గొలుసు విప్పి, రెండు చేతులా పిడిని అతిథికి చూపించింది.

"ముందు మీరు కొట్టాలి."

ముటింటా సంచి టెమ్వకిచ్చి పిడి పట్టుకుంది. కొట్టింది. గొట్టం లోపల ఎక్కడో పొడిగా గాలి మూలిగింది. ఇంకా కొట్టింది. పది. ఇరవై. పాట సన్నగిల్లింది. ముప్ఫై దాటాక ఆగిపోయింది. మక్వింజ వచ్చి పిడి అందుకుని కోటు విప్పకుండానే మరో ముప్ఫై కొట్టాడు. ఆయన మెడ మీద చెమట కాలరులోకి జారింది. పంపు మూతి కింద పెట్టిన కొత్త బకెట్టులో ఒక్క చుక్క లేదు. కాగితపు పువ్వు ఒకటి ఊడి అందులో పడింది.

ఆ ఖాళీ బకెట్టులో టెమ్వకు డిసెంబరు కనిపించింది, గదికి వేసిన తాళంతో సహా.

జనం వెనక నుంచి డోరిక వచ్చింది. ఆమె కూడా కొత్త గుడ్డ కట్టుకుంది. రేకుడబ్బా మాత్రం చేతిలోనే ఉంది.

"తాళం ఎప్పుడేశావ్ అక్కా?"

"మంగళవారం సాయంత్రం," అంది ఎస్నార్ట్ అవ్వ, నేల చూస్తూ. "సార్ ఫోన్ చేసి, చుట్టాలొస్తున్నారు, శుభ్రంగా ఉంచండి అన్నాడు. వాడుతుంటే శుభ్రంగా ఎట్లా ఉంటుంది? బురద అవుతుంది. పిల్లలు పూలు పీకుతారు."

"బాగుంది మర్యాద. కింది వాల్వు కారుతోందని నీకు చెప్పానా లేదా? రోజూ కొడుతుంటే గొట్టంలో నీళ్లు నిలబడి ఉంటాయి. రెండ్రోజులు ముట్టకపోతే మొత్తం కిందికి దిగిపోతాయి. పంపుకి సిగ్గు, మనకి సిగ్గు." కొత్త గుడ్డ అంచు పైకి దోపుకుంది. "తప్పుకోండి. మగాళ్లు ఇద్దరు రండి. వద్దులే, మాటలెక్కువ. మీరిద్దరు ఆడపిల్లలు రండి."

ఒక్క పానాతోనే అంతా విప్పింది. పై మూత, పిడి, ఇరుసు. ఊడిన ప్రతి మరనూ మూత తిరగేసి అందులో వేసింది. తరవాత రాడ్లు. ఒక్కోటి మూడు మీటర్ల పొడవు, కొక్కేనికి కొక్కెం తగిలించినవి. ఒకటి లాగి, కిందిదాన్ని అడ్డపలకతో నిలిపి, పైదాన్ని విడదీసి, తడి ఇనుమును గడ్డి మీద పరిచింది. మళ్లీ ఇంకొకటి. ఎవరూ పాడలేదు. కొక్కేలు విడిపోయే చప్పుడు మాత్రం ఒకే లయలో వస్తోంది. అన్నిటికన్నా అడుగున ఉన్న ఎనిమిదో రాడ్డు కొసకు తగిలించుకుని కింది వాల్వును పైకి తీసింది. దాని రింగు ఒకవైపు బియ్యపు గింజంత అరిగి ఉంది. గుడ్డముక్క విప్పి ఆఖరు జత బయటికి తీసింది. ఒక్క క్షణం ఆగింది. కొత్త వాల్వు వేసి, రింగును నోట్లో తడుపుకుని ఎక్కించింది.

ముటింటా గట్టు మీద కూర్చుని చూస్తోంది. గట్టుకు పూసిన ఎర్రమట్టి ఆమె గుడ్డలకు అంటింది. ఆమె దులుపుకోలేదు.

అన్నీ దింపి పిడి బిగించాక డోరిక తనే కొట్టింది. పంతొమ్మిదో దెబ్బకు గొట్టం గొంతు సవరించుకుంది. ఇరవై రెండుకు నీళ్లు పడ్డాయి. ముందు తుప్పురంగులో, తరవాత తేటగా. ఆడవాళ్ల నోళ్లలోంచి సంతోషపు కూత ఒక్కసారిగా లేచింది.

"ఎంతసేపయింది?" అంది ముటింటా.

"వంట ఇంకా అవ్వలేదుగా. అంతకన్నా తక్కువే," అంది డోరిక.

ముటింటా టెమ్వ చేతిలోని సంచి నుంచి దరఖాస్తు తీసుకుని పేజీలు తిప్పింది. "మీ గురించి ఇందులో ఎక్కడుందమ్మా? బస్సులో రెండుసార్లు చదివాను. చూసినట్టు లేదు."

"ఉంటుంది, సరిగ్గా చూడు తల్లీ." డోరిక తడిచేతులు పాతగుడ్డతో తుడుచుకుంటోంది. "ఈ అమ్మాయి రాసింది. మొన్న అడిగాను కూడా."

మక్వింజ దగ్గాడు. "అది... అనుబంధంలో పెట్టినట్టున్నాం. ఈమెయిల్లో సరిగా చేరలేదేమో."

తప్పించుకునే తలుపు తెరిచే ఉంది. దాటడానికి తల ఊపితే చాలు. టెమ్వ ఆ సులువును గుర్తుపట్టింది. ఎరుపు పచ్చబడినప్పటి సులువే అది.

"అనుబంధంలో లేదు," అంది. "ఎక్కడా లేదు. రాసి, తీసేశాను."

డోరిక తుడుచుకోవడం ఆపలేదు. ఒక్కొక్క వేలే తుడుచుకుంది. నలిగిన బొటనవేలు ఆఖరున. "ఎందుకు?"

"మాటలు ఎక్కువయ్యాయి పిన్నీ." ఆ జవాబు ఆమెకే నచ్చలేదు. "కాదు. మీ గురించి చెబితే సాయం రాదని భయపడ్డాను. కొత్త బోర్లంటేనే ఇస్తారని. ఎస్నార్ట్ అవ్వ రోజూ ఏటికి నడుస్తుందని రాశాను. అది కూడా ఇప్పటి సంగతి కాదు."

మక్వింజ కళ్లు మూసుకున్నాడు.

"ఎందుకు కాదు?" ఎస్నార్ట్ అవ్వ ముందుకొచ్చింది. పిల్లను ఎవరో కొట్టబోతుంటే అడ్డుపడినట్టు. "నడిచానుగా, నిన్నా ఇవాళా. ఈ పంపుకి తాళం వేశాక నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి? ఊళ్లో ఆడవాళ్లందరం ఏటికే పోయాం. నా మోకాళ్లని అడుగు, చెబుతాయి."

ముటింటా ఆమె వైపు చూసింది. "నా కోసమా?"

"మీరు చుట్టాలు కదమ్మా."

తను రాసిన అబద్ధాన్ని ఈ ఆడవాళ్లు రెండు రోజులు మర్యాద కోసం నిజం చేశారు. నెత్తిన మోసి నిజం చేశారు.

"అయితే పదకొండేళ్లూ నేను దయ్యాన్నన్నమాట," అంది డోరిక. "పంపులు వాటంతటవే బాగయ్యాయి. సైకిలు దానంతటది తిరిగింది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ ఒక్క నవ్వుకి మిగతా అందరి ఊపిరీ కదిలింది. చివరికి డోరిక మూతి కూడా ఒకవైపు వంగింది. ముటింటా మాత్రం నవ్వలేదు.

"ఈ ఉద్యోగానికి రాకముందు తొమ్మిదేళ్లు నేను మీలాంటి కుర్చీలోనే కూర్చున్నాను," అంది టెమ్వతో. "ఇలాంటి కాగితాలే రాశాను. నేనూ తీసేశాను, ఎవరెవరినో. వాళ్ల పేర్లు ఇప్పుడు గుర్తు కూడా లేవు." దరఖాస్తు మూసింది. "ఆ పేరా ఉందా ఇంకా?"

"నోటుపుస్తకంలో ఉంది. ముందు చేత్తో రాసుకుంటాను."

"రేపు పొద్దుటికి నాకు పంపండి. ఎన్ని మాటలని చూడకండి. ఏటి సంగతి కూడా ఎప్పటిదో అలాగే రాయండి. మాట మాత్రం ఇవ్వలేను. బోర్డులో ఏడుగురున్నారు, ఈ ఊరు చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నేను చూసింది చెబుతాను. అంతవరకే నా చేతిలో ఉంది."

భోజనాలు మామిడిచెట్టు కింద. ఎస్నార్ట్ అవ్వ మొక్కజొన్న ముద్ద మీద కోడికూర వడ్డించి, కందనకాయ వెతికి ముటింటా పళ్లెంలో వేసింది. అది పెద్ద అతిథి వాటా. ముటింటా దాన్ని వేళ్లతో తీసి, పక్కన కూర్చున్న డోరిక పళ్లెంలో పెట్టింది. డోరిక కాసేపు దానివైపు చూసింది. తరవాత కొరికి, మిగిలిన సగం టెమ్వ పళ్లెంలో వేసింది, ఆమె మొహం చూడకుండానే.

"రేపు రాసేటప్పుడు," అంది నములుతూ, "పదకొండేళ్లు కాదు. మొన్న జూలైకి పన్నెండు నిండాయి. అబద్ధాలు రాయకు."

*

బోర్డు కూర్చున్న మర్నాడు, బుధవారం ఉదయం, ఉత్తరం కంప్యూటరుకు వచ్చింది. మక్వింజ నిలబడే చదివాడు. మొదటి పేరా అయ్యేసరికి ఆయన భుజాలు కుంగాయి.

"కొత్త బోర్లకి ఇవ్వడం లేదట."

"కిందికి చదవండి సార్."

చదివాడు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివాడు. మూడేళ్లు. మెకానిక్కు జీతం, విడిభాగాలు, ఇంకో ఇద్దరు ఆడపిల్లలకు ఆ పని నేర్పడం. ఆఫీసు అద్దెకు కొంత. అడిగినదానిలో సగానికి కాస్త పైన. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నీళ్లలోంచి పైకి తేలిన మనిషిలా ఊపిరి పీల్చుకున్నాడు.

"జీపు గురించి ఏమీ లేదు," అన్నాడు చివరికి.

"లేదు సార్."

"పోనీలే. సైకిళ్లున్నాయి." మళ్లీ కాసేపటికి, "ఆ వాషరు ముందు నిలబడి ఫొటో దిగుదామా?" అన్నాడు. ఈసారి టెమ్వ నవ్వింది.

ఉత్తరం అచ్చు తీసి మడిచి, సైకిలెక్కింది. డోరిక ఎక్కడుందో దారిలో అడిగితే అందరూ చెప్పారు. ఏటి అవతల బడి దగ్గరి బోరింగు. వెళ్లేసరికి ఆమె ఒక్కతే రాడ్లు పైకి లాగుతోంది. మోకాలు గట్టుకు తన్ని, వీపు వంచి.

"పిన్నీ, ఉత్తరం..."

"ముందు ఇది పట్టుకో. అడ్డపలక విరిగింది."

టెమ్వ కాగితం నడుముకు దోపుకుని రాడ్డు పట్టుకుంది. గొట్టంలో వేలాడుతున్న మిగతా రాడ్ల బరువంతా ఒక్కసారిగా ఆమె పిడికిట్లోకి వచ్చింది. తడి ఇనుము వేళ్ల సందుల్లో జారబోయింది. రెండు చేతులా బిగించింది. జారితే మొత్తం అడుగుకు పోతుంది. పన్నెండేళ్లు ఈ బరువు ఎక్కడుండేదో ఆమెకు అప్పుడు తెలిసింది. నలభై రెండు మాటల్లో ఇది లేదు. ఆ మాటలు తీసేసినప్పుడు చేతికి ఏ బరువూ తగలకపోవడం అందుకే.

డోరిక పైరాడ్డు విడదీసి గడ్డి మీద పెట్టింది. "ఏమన్నారు?"

చేతులు ఖాళీ లేవు. టెమ్వ ఉత్తరాన్ని గుర్తున్నంతవరకు నోటితోనే చెప్పింది. డోరిక వింటూనే కొక్కేనికి పట్టిన తుప్పును గోరుతో గీకింది.

"రింగులు ఎన్ని?"

"మూడేళ్లకి సరిపడా."

"నా చేతికే ఇస్తారా?"

"మీ చేతికే. పేరు రాసి ఉంది."

డోరిక తలూపింది. గుడ్డ అంచుతో మొహం తుడుచుకుంది. చెమటే కావచ్చు. తరవాత మోకాలు మళ్లీ గట్టుకు తన్నిపెట్టి, టెమ్వ పిడికిలి పైన తన చెయ్యి వేసింది.

"వదలకు," అంది. "ఇంకా మూడు రాడ్లున్నాయి."